తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ: పార్టులు ఎలా ఎంచుకోవాలి, షాపులో ఏం అడగాలి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి రెండు నెలల పాటు నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అన్నా, 60 వేలుంది, గేమింగ్ పీసీ ఏది కొనమంటావు?" విజయనగరం వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, బొబ్బిలి, పలాస నుంచి ఫోన్ చేసేవాళ్లు, అందరిదీ అదే. సగం మంది అప్పటికే షాపులో రాయించుకున్న కొటేషన్ ఫొటో తీసి పంపుతారు. అందులో "ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, ఆర్‌జీబీ క్యాబినెట్" అని నాలుగు ముక్కలుంటాయి. ఏ ఐ7, ఏ గ్రాఫిక్స్, ఏ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) అన్నది మాత్రం ఉండదు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

బయల్దేరే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఎంత పెట్టగలరో ఆ అంకె. మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ అందులోనే కలిసి ఉన్నాయా, విడిగానా అన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి.
- మీరు నిజంగా ఆడే నాలుగైదు ఆటల పేర్లు.
- కనీసం రెండు షాపుల కొటేషన్లు. ఒక్కో పార్టు ఒక్కో లైన్‌లో, పూర్తి మోడల్ నంబరుతో ఉండాలి. అలా రాసివ్వమంటే విసుక్కునే షాపును అక్కడే వదిలేయండి.
- సొంతంగా బిగించుకునేవాళ్లకు స్టార్ స్క్రూడ్రైవర్, విండోస్ వేసుకోవడానికి 8 జీబీకి తగ్గని పెన్‌డ్రైవ్.

1. ముందు ఆటలు, మానిటర్ తేల్చుకోండి

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. మామూలు గ్రాఫిక్స్ కార్డుతోనే బాగా నడుస్తాయి. సైబర్‌పంక్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి గ్రాఫిక్స్ కార్డును పిండేస్తాయి. ఫ్రీ ఫైర్‌ని ఎమ్యులేటర్‌లో (ఫోన్ ఆటల్ని పీసీలో నడిపే సాఫ్ట్‌వేర్) ఆడేవాళ్లకు ప్రాసెసర్, ర్యామ్ ముఖ్యం. వాళ్లు ఖరీదైన కార్డు జోలికి పోనక్కర్లేదు.

ఈ బడ్జెట్‌లో మానిటర్ 1080పీ (ఫుల్ హెచ్‌డీ) చాలు. 4కే గురించి ఆలోచించకండి. షూటింగ్ ఆటలు ఆడితే 144 హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె), లేదంటే 75 నుంచి 100 హెర్ట్జ్. ఇంట్లో పాత మానిటర్ ఉంటే దానికి హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూడండి. వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త గ్రాఫిక్స్ కార్డుకు నేరుగా తగలదు, మధ్యలో కన్వర్టర్ పెట్టాలి.

2. డబ్బు పంచండి

మానిటర్ కాకుండా 60 వేలు ఉందనుకుందాం. నేనైతే ఇలా పంచుతాను: గ్రాఫిక్స్ కార్డుకు 22 నుంచి 24 వేలు, ప్రాసెసర్‌కు 9 నుంచి 11, మదర్‌బోర్డుకు 6 నుంచి 8, ఎస్‌ఎంపీఎస్‌కు 4 నుంచి 5, క్యాబినెట్‌కు 3. మిగిలింది ర్యామ్‌కీ ఎస్‌ఎస్‌డీకీ (విండోస్, ఆటలు దాచుకునే పార్టు). ఇవి ధరలు కావు, పంపకాలు. షాపు ధర వారం వారం మారుతుంది. ముఖ్యంగా 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని అంతకు ముందు తీసిన వీడియోలు చూసి "ర్యామ్ 3 వేలే కదా" అని లెక్క వేసుకుని వెళ్లకండి.

ఎక్కువ మంది చేసే తప్పు ఈ పంపకంలోనే ఉంది. ప్రాసెసర్ మీద 20 వేలు, లైట్ల క్యాబినెట్ మీద 6 వేలు పెట్టేసి, మిగిలిన దాంతో చిన్న గ్రాఫిక్స్ కార్డు తెస్తారు. గేమింగ్ పీసీలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి.

3. ప్రాసెసర్, మదర్‌బోర్డు ఒకేసారి ఎంచుకోండి

రెండింటికీ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కలవాలి కాబట్టి విడివిడిగా కొనకండి. తక్కువ బడ్జెట్‌కి దారులు రెండు.

ఒకటి ఏఎండీ రైజెన్ 5 5600. 6 కోర్లు (పని చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), ఏఎం4 సాకెట్. దీనికి బీ450 లేదా బీ550 మదర్‌బోర్డు. బాక్సులో కూలర్ వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

రెండోది ఇంటెల్ ఐ3-12100ఎఫ్ గానీ, ఇంకొంచెం పెట్టగలిగితే ఐ5-12400ఎఫ్ గానీ. దీనికి హెచ్610 లేదా బీ660 బోర్డు. ఇక్కడ బోర్డులు డీడీఆర్4వి, డీడీఆర్5వి (ఇవి ర్యామ్ తరాలు) రెండు రకాలూ ఉంటాయి. ఏ ర్యామ్ కొంటున్నారో చూసి దానికి తగ్గ బోర్డు తీసుకోవాలి. ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు.

ఏఎం5 కొత్త సాకెట్, ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చు. కానీ డీడీఆర్5 ఒక్కటే పనిచేస్తుంది, బోర్డు ఖరీదు కూడా ఎక్కువ. బడ్జెట్ 75 వేలు దాటితే అప్పుడు చూడండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు.

ఇంటెల్ పేరు చివర "ఎఫ్" ఉంటే అందులో సొంత డిస్‌ప్లే ఉండదు. రైజెన్ 5 5600లో కూడా ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా వీటిని బిగిస్తే తెర మీద ఏమీ రాదు. "కార్డు ఆరు నెలల తర్వాత కొంటాను" అనేవాళ్లు రైజెన్ 5 5600జీ తీసుకోండి. అందులో డిస్‌ప్లే ఉంది, వాలరెంట్ లాంటి తేలిక ఆటలు సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. అయితే దాని పీసీఐ (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా దారి) పాత 3.0 రకమే, తర్వాత కార్డు పెట్టినా 5600 కంటే కాస్త వెనకే ఉంటుంది.

షాపులో చాలాకాలంగా పడి ఉన్న బీ450 బోర్డు పాత బయోస్‌తో (బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే 5600ను గుర్తించకపోవచ్చు. "బయోస్ అప్‌డేట్ చేసి, ఆన్ చేసి చూపించి ఇవ్వండి" అని కొనేటప్పుడే అడగండి.

మూడోది అసలైన ఉచ్చు. "ఐ7 గేమింగ్ పీసీ 22 వేలకే" అన్న ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఐ7 తర్వాత వచ్చే నంబరు అడగండి. 2600 అంటే రెండో తరం, 3770 అంటే మూడో తరం, 2012 నాటిది. దాంట్లో ఉన్నవి 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఇప్పటి ఐ3-12100ఎఫ్‌లోనూ అంతే ఉన్నాయి, పైగా ఒక్కో కోరు దాని కంటే చాలా వేగం. ఆ పాత ఐ7కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (కంప్యూటర్‌లో ఉండే భద్రతా ఏర్పాట్లు) రెండూ కావాలి. అంటే ఆ 22 వేల ఐ7 మీద విండోస్ 11 ఎలాగోలా ఎక్కించినా వాలరెంట్ తెరుచుకోదు. ఆఫీసు పనికి, పిల్లల చదువుకి పనికొస్తుందేమో గానీ గేమింగ్ పీసీ అని మాత్రం కొనకండి.

4. గ్రాఫిక్స్ కార్డు

"ఎన్ని జీబీ కార్డు?" అని అడగడం మానేయండి. కార్డు పేరు అడగండి. జీటీ 730లో కూడా 4 జీబీ ఉన్నవి దొరుకుతాయి. ఆ 4 జీబీతో కొత్త ఆట ఆడటం అంటే నాగావళి అంత ట్యాంకుకి చేతిపంపు బిగించినట్టు. మెమరీ ఎంతున్నా లోపలి చిప్పు లాగలేదు.

1080పీకి నేను చూసేవి: ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, దొరికితే వీటి తర్వాతి తరం కార్డులు. ఆటలే ముఖ్యమైతే ఏ ధరకి ఏది దొరికితే అది. వీడియో ఎడిటింగ్, బ్లెండర్‌లో 3డీ పని కూడా చేసేవాళ్లయితే ఎన్‌విడియా వైపు మొగ్గండి.

ఆర్‌టీఎక్స్ 3050 కొనేవాళ్లు చూసుకోవాలి. 8 జీబీది, 6 జీబీది అని రెండున్నాయి. తేడా మెమరీలో మాత్రమే కాదు, 6 జీబీది చిప్పులో కూడా తక్కువది. పెట్టె మీద పేరు ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. అయితే 6 జీబీదానికి ఒక మంచి గుణం ఉంది, అది 70 వాట్ల కార్డు. చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లకు అది సరైనదే.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా కనిపిస్తుంది. దానికి పీసీఐ లేన్లు నాలుగే, 4.0 బోర్డు మీద బాగానే ఉంటుంది గానీ బీ450, ఏ520 లాంటి 3.0 బోర్డుల మీద వేగం పడిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటారా? నాకేమీ అభ్యంతరం లేదు, నేనూ కొన్నాను. కానీ ఫొటో చూసి డబ్బులు పంపొద్దు. వెళ్లండి, వాళ్ల కంప్యూటర్‌లోనే పెట్టించి ఆన్ చేయించండి. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి తెరవండి. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మేవి ఉంటాయి, అలాంటి వాటిని ఇది చాలావరకు పట్టేసి నకిలీ అని చూపిస్తుంది. తర్వాత ఏదో ఒక బరువైన ఆట 20 నిమిషాలు నడిపించండి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్ గరగరలాడినా లేచి వచ్చేయండి. సీరియల్ నంబర్ స్టిక్కర్, పాత బిల్లు ఉంటే ధర కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

5. ర్యామ్

16 జీబీ. అది కూడా ఒక్క 16 కాదు, రెండు 8లు. ఒకటే ఉంటే సింగిల్ చానల్‌లో నడుస్తుంది, ఆటల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) తగ్గుతుంది. 5600జీ లాంటి సొంత డిస్‌ప్లే ఉన్నవాటిలో ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. డీడీఆర్4 అయితే 3200 వేగం ఉన్నది. లైట్లున్న ర్యామ్‌కి అదనంగా పెట్టే డబ్బు ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టండి.

ధర మరీ మండిపోతుంటే సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా కొనదగ్గ పార్టు ఇదే. ర్యామ్ చెడిపోవడం తక్కువ, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఒక రాత్రి నడిపిస్తే మంచిదో కాదో తేలిపోతుంది.

6. ఎస్‌ఎస్‌డీ

ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, 500 జీబీకి తగ్గకుండా. ఇప్పటి పెద్ద ఆటలు ఒక్కొక్కటీ 100 జీబీ దాటుతున్నాయి, 256 జీబీలో విండోస్ పోగా రెండు పట్టడమే కష్టం. పాత హార్డ్ డిస్క్ ఉంటే సినిమాలు, ఫొటోలకు వాడండి, ఆటలు మాత్రం అందులో వేయకండి. అదే ఎం.2 ఆకారంలో (బోర్డులో దూర్చే సన్నటి చిన్న కార్డు) నెమ్మదైన సాటా రకం కూడా ఉంటుంది, బిల్లు మీద ఎన్‌వీఎంఈ అని రాయించుకోండి.

7. ఎస్‌ఎంపీఎస్: ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

గజపతినగరంలో మా పిన్ని కొడుకు పీసీ కథ చెప్తాను. మే నెల, మేడ మీద రేకుల గది. కొత్తగా కొని నెల కాలేదు. ఆట మొదలెట్టిన పది నిమిషాలకు టిక్ మని ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే మామూలే. షాపువాళ్లు విండోస్ రెండుసార్లు మార్చారు. "ఏటయ్యిందో సూడు బాబూ, కొత్త సీపీయూ అప్పుడే పాడైపోనాది" అని పిన్ని ఫోన్.

వెళ్లి పక్క తలుపు విప్పాను. కార్డు మంచిదే, ప్రాసెసర్ మంచిదే. ఎస్‌ఎంపీఎస్ స్క్రూలు నాలుగూ తీసి బయటికి లాగితే ఒంటి చేత్తో గాల్లో ఎగరేసేంత తేలిక. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. పక్కన చిన్న అక్షరాల పట్టికలో +12వీ కింద 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. అందులోని ఆర్‌ఎక్స్ 6600 ఒక్కదానికే 132 వాట్లు కావాలి, ప్రాసెసర్ 65 వాట్లది, పైన మదర్‌బోర్డు, ఫ్యాన్లు. సరిపోతే ఆశ్చర్యం. మంచి 550 వాట్లది తెచ్చి పెట్టాం, ఆగడం ఆగింది.

కాబట్టి షాపులోనే ఎస్‌ఎంపీఎస్ పెట్టె విప్పించి ఆ పట్టిక చూడండి. +12వీ ఆంపియర్లను 12తో గుణించండి. వచ్చిన అంకె పైన రాసిన వాట్లకు దగ్గరగా ఉండాలి. నిజమైన 550 వాట్ల దానిలో అక్కడ 42 నుంచి 45 ఆంపియర్లు కనిపిస్తాయి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది), 3 నుంచి 5 ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. క్యాబినెట్‌తో పాటు "ఫ్రీ"గా వచ్చేది వద్దని చెప్పండి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. సాయంత్రం అయ్యేసరికి చాలా ఊళ్లలో వోల్టేజ్ పడుతుంది, వానాకాలంలో కరెంటు వచ్చిపోతుంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు అని ఉన్నది తీసుకుంటే వోల్టేజ్ కొంత తగ్గినా నడుస్తుంది. 200–240 అని ఉన్నది 180కి పడగానే మొరాయిస్తుంది.

యూపీఎస్ కొనేవాళ్లు వీఏ అంకెను వాట్లనుకుంటారు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. పైన చెప్పిన పీసీ, మానిటర్ కలిపి ఆటలో ఇంచుమించు 250 నుంచి 300 వాట్లు తాగుతాయి. సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపోవచ్చు గానీ 1000 వీఏ అయితే టెన్షన్ ఉండదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది ప్యూర్ సైన్ వేవ్ రకమేనా అని చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ పెట్టొద్దు.

క్యాబినెట్‌ను చెప్పులు లేకుండా ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఆ పాయింటుకు ఎర్తింగ్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడటం ఈరోజే మానేయండి.

8. క్యాబినెట్

ముందు వైపు జాలీ ఉన్నది, కనీసం రెండు ఫ్యాన్లున్నది. ముందంతా అద్దమున్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ మే నెలలో రేకుల గదిలో లోపల ఉడికిపోతుంది. కార్డు పొడవు పడుతుందో లేదో చూడండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కిటికీ పక్కన పెట్టకండి, ఉప్పుగాలికి స్క్రూలు, పోర్టులు తుప్పు పడతాయి. రెండు నెలలకోసారి దుమ్ము దులపండి.

9. ఎక్కడ కొనాలి, బిల్లు ఎలా ఉండాలి

కంప్యూటర్ పార్టుల మీద జీఎస్‌టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను తమ్ముడూ" అనే మాట ఎక్కడో ఒకచోట వింటారు. ఆ తగ్గింపుతో పాటు మీ వారంటీ కూడా పోతుంది. బిల్లు మీద ప్రతి పార్టు మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి.

విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. ద్వారకానగర్ వైపు ఒకరోజు తిరిగి వస్తే ధరలు పోల్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఇంకాస్త తక్కువ ఉండొచ్చు, కానీ కొనేముందు రెండు చూడండి: మీ పిన్‌కోడ్‌కి డెలివరీ ఉందా, ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఏ ఊళ్లో ఉంది. కార్డు పాడైతే కొరియర్‌లో పంపాలా, బస్సెక్కి వెళ్లి ఇచ్చి రావచ్చా అన్నది చిన్న తేడా కాదు. 500 రూపాయల తేడాకైతే నేను ఊళ్లో షాపులోనే కొంటాను. రాత్రి 8 గంటలకు ఆన్ కాకపోతే పొద్దున్నే తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టొచ్చు. ఆన్‌లైన్ పార్శిల్ అయితే సీలు కనబడేలా మొదట్నుంచీ చివరిదాకా వీడియో తీస్తూ విప్పండి.

10. బిగించేటప్పుడు జరిగే తప్పులు

- కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే తీయడం మర్చిపోవడం. ఆన్ చేసిన కాసేపటికే ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కుతుంది.
- ర్యామ్ రెండూ పక్కపక్కనే పెట్టడం. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది.
- ప్రాసెసర్ పవర్ 8 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డు పవర్ 8 పిన్నులది ఒకటే అనుకోవడం. కాదు, పిన్నుల ఆకారం వేరు. పట్టకపోతే నొక్కి దూర్చకండి.
- హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెట్టి "డిస్‌ప్లే రావట్లేదు" అని ఫోన్ చేయడం. కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టండి. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే.

షాపులోనే బిగించి ఇస్తే పక్క తలుపు విప్పించి ఈ నాలుగూ చూసుకోండి. ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకండి, డబ్బు మీది.

11. సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. మెమరీ దగ్గర వేగం 3200 అని ఉండాలి. 2133, 2400, 2666 లాంటివి చూపిస్తే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయలేదు. ఏఎండీ బోర్డుల్లో కొన్నిట్లో దాన్నే డీఓసీపీ అంటారు. వాడిన స్లాట్లు 2 అని ఉందా చూడండి. అక్కడే సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పేర్లు బిల్లుతో సరిచూడండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. కొత్తదైతే కొద్ది గంటలే ఉండాలి, వేల గంటలుంటే వాడినది అంటగట్టినట్టు.

డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ 144కి మార్చండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏడాది పాటు 60లోనే ఆడినవాణ్ణి నాకు తెలుసు. ఎమ్యులేటర్ వాడేవాళ్లు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. ఏఎండీలో ఎస్‌వీఎం అని, ఇంటెల్‌లో వీటీ అని ఉంటుంది. అది లేకపోతే ఎంత మంచి పీసీ అయినా ఫ్రీ ఫైర్ నత్తనడకే.

చివరి పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు పెట్టండి, ఏసీ వేయకుండా. మీ ఆటల్లో అన్నిటికంటే బరువైనది ఒక గంట ఆడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వేడి చూడండి. కార్డు 85 డిగ్రీల లోపు, ప్రాసెసర్ 90 లోపు ఉంటే బాగున్నట్టే. ఆగిపోయినా, రీస్టార్ట్ అయినా, తెర నల్లబడినా అదే రోజు షాపుకు తీసుకెళ్లండి. ఊళ్లో షాపువాళ్లు మొదటి వారంలో మార్చినంత తేలిగ్గా రెండో నెలలో మార్చరు. పార్టుల పెట్టెలు మాత్రం పారేయొద్దు, వారంటీ అయ్యేదాకా అటక మీద ఉండనివ్వండి.